స్థూలకాయమునకు శస్త్రచికిత్స: ఏ పద్ధతి ఎవరికి తగును?

మన రాయలసీమలో ఒకనాడు ఒడలు నిండుగా ఉన్న మనిషిని చూచి కలిగిన ఇంటివాడని మెచ్చుకొనెడివారు. కరవులను పలుమార్లు చవిచూచిన సీమలో అట్టి మెప్పు సహజమే. నేడు కాలము మారినది. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో మూడవ వంతు కంటె ఎక్కువమంది ఉండవలసిన బరువును మించి ఉన్నారు. అదే సర్వేలో సగముకంటె ఎక్కువమంది స్త్రీలకు రక్తహీనత కలదని కూడ తేలినది. ఈ రెండు సంగతులను పాఠకులు కలిపి జ్ఞాపకముంచుకొనవలెనని మా మనవి. ఈ వ్యాసమున ముందు చెప్పబోవు విషయమునకు రెండును అవసరమగును.

బరువు మితిమీరినప్పుడు దానివెంట చక్కెర వ్యాధి, రక్తపోటు, మోకాళ్ల అరుగుదల, కాలేయమునకు కొవ్వు పట్టుట, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చుట వంటి బాధలు బయలుదేరును. పథ్యము, నడక, మందులు ఫలింపని వారికి శస్త్రచికిత్స ఒక మార్గముగా నేడు అందుబాటులోనికి వచ్చినది. పట్టణములలో దానిని గూర్చి ప్రకటన పలకలును వెలసినవి. వానిని చూచిన వారు సాధారణముగా అడుగు ప్రశ్న ఒక్కటే: "ఏ ఆపరేషనుతో బరువు ఎక్కువగా తగ్గును?"

ఈ ప్రశ్న సహజమే కాని, దీని జవాబును బట్టి మాత్రమే ఆపరేషనును ఎన్నుకొనుట క్షేమము కాదు. "నా శరీరములో ఇప్పటికే ఉన్న జబ్బు ఏది? ఆపరేషను పిమ్మట జీవితాంతము నేను పాటింపగల నియమము ఏది?" అని అడుగుట మేలు. ఎందువలననో వివరించుటే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఎవరికి అవసరము

ముందుగా శరీర ద్రవ్యరాశి సూచిక అను లెక్కను తెలిసికొనవలెను. బరువును కిలోగ్రాములలోను, ఎత్తును మీటర్లలోను కొలిచి, బరువును ఎత్తుతో రెండుమార్లు భాగించిన వచ్చు అంకె అది. ఉదాహరణకు అయిదడుగుల ఎత్తు, అనగా 1.52 మీటర్లు, గల స్త్రీ 90 కిలోలు తూగినచో ఆమె సూచిక సుమారు 39 అగును.

భారతీయుల దేహములో కొవ్వు ముఖ్యముగా పొట్టచుట్టు చేరును. అందుచేత ఇతర దేశములవారి కంటె తక్కువ బరువునకే మనవారికి చక్కెర వ్యాధి వచ్చుచున్నది. ఈ కారణముననే మన దేశపు వైద్యులు 25 దాటినప్పటినుండియే స్థూలకాయముగా పరిగణించుచున్నారు. శస్త్రచికిత్సకు మాత్రము హద్దు అంతకంటె ఎక్కువ. 1991లో అమెరికా నిపుణులు 40, లేక తీవ్రమైన జబ్బులున్నచో 35 అను హద్దును నిర్ణయించిరి. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘములు దానిని సవరించి, 35 దాటిన వారికి జబ్బులున్నను లేకున్నను, చక్కెర వంటి జబ్బులున్న వారికి 30 మొదలుకొనియు శస్త్రచికిత్సను ఆలోచింపవచ్చుననిరి. ఆసియావారి విషయమున 27.5 నుండియే ఆలోచింపవచ్చునని కూడ చెప్పిరి.

హద్దు దాటినంత మాత్రమున ఆపరేషను చేయించుకొని తీరవలెనని దీని అర్థము కాదు. మొదట కొన్ని మాసములు వైద్యుని పర్యవేక్షణలో ఆహారమును, వ్యాయామమును సరిదిద్దుకొనవలెను. థైరాయిడ్ లోపము వంటి కారణములున్నవేమో పరీక్ష చేయించుకొనవలెను. 2025లో టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ అను సూదిమందులు స్థూలకాయ చికిత్సకు మన దేశపు విపణిలోనికి వచ్చినవి. వీనితోను బరువు చెప్పుకోదగినంత తగ్గును. కాని మందు మానిన పిమ్మట తగ్గిన బరువులో చాలభాగము తిరిగి వచ్చుట సాధారణము. వీనిని గూర్చియు వైద్యుని అడిగిన పిమ్మటనే శస్త్రచికిత్స మాటకు రావలెను.

రెండు ప్రధాన పద్ధతులు

నేడు ఎక్కువగా జరుగుచున్నవి రెండు పద్ధతులు. ఒకటి స్లీవ్, రెండవది బైపాస్. రెండింటిని పొట్టపై చిన్న రంధ్రములు చేసి, వానిగుండా దుర్భిణిని, పనిముట్లను పంపి చేయుదురు.

పల్లెవాసులకు సులభముగా బోధపడుటకు చెరువును, దాని ఆయకట్టును తలచుకొందము. జీర్ణాశయము చెరువు వంటిది. దాని తూమునుండి బయలుదేరు కాలువ చిన్నప్రేగు. కాలువ వెంబడి ఉన్న పొలములు నీటిని పీల్చుకొన్నట్లు, ప్రేగు గోడలు ఆహారమునందలి సారమును పీల్చుకొనును.

స్లీవ్ పద్ధతిలో చెరువును కుదింతురు. జీర్ణాశయములో సుమారు మూడు వంతులకు పైగా కోసి తీసివేసి, అరటికాయ వంటి సన్నని గొట్టమును మిగుల్తురు. కాలువ జోలికి పోరు. తీసివేసిన భాగమునుండియే ఆకలిని పుట్టించు స్రావము ఎక్కువగా వెలువడుచుండును కనుక ఆకలియు తగ్గును. మొదట మరియొక పెద్ద శస్త్రచికిత్సలో ఒక భాగముగా ఉండిన ఈ పద్ధతి 2000 తరువాత విడిగా ప్రచారములోనికి వచ్చినది. తీసివేసిన జీర్ణాశయమును తిరిగి అమర్చుట సాధ్యము కాదు.

బైపాస్ పద్ధతిలో చెరువు పైభాగమున చిన్న గుంటను వేరుచేసి, అక్కడినుండి పిల్లకాలువను త్రవ్వి, మొదటి పొలములను దాటించి, నీటిని క్రింది పొలములకు చేర్చినట్లు చేయుదురు. జీర్ణాశయము పైభాగమున గ్రుడ్డంత సంచిని మాత్రమే ఉంచి, దానిని చిన్నప్రేగు క్రిందిభాగమునకు కలుపుదురు. మిగిలిన జీర్ణాశయము కడుపులోనే ఉండును గాని, ఆహారము దానిలోనికి పోదు. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో అను వైద్యులు ఈ మార్గమునకు ఆద్యులైరి. ఆహారము క్రింది ప్రేగునకు త్వరగా చేరుటవలన ఇన్సులిన్‌ను ప్రేరేపించు స్రావములు పెరిగి, బరువు తగ్గుటకు పూర్వమే చక్కెర అదుపులోనికి రాసాగును.

మరి దాటిపోయిన మొదటి పొలముల మాట ఏమి? ఇనుము, సున్నము మున్నగు ఖనిజములను ముఖ్యముగా పీల్చుకొనునది చిన్నప్రేగు మొదటి భాగమే. నీరు పోని పొలము ఎండినట్లు, బైపాస్ అయిన వారికి ఈ ఖనిజముల లోటు ఏర్పడును. దానిని మాత్రలతో పూడ్చుకొనవలెను.

బరువులో తేడా ఎంత

ఫిన్లాండ్ దేశమున 2008 మొదలు 2010 వరకు 240 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు స్లీవ్, రెండవ జట్టుకు బైపాస్ చేసి, ఏండ్ల తరబడి పరిశీలించిరి. అయిదు సంవత్సరముల పిమ్మట స్లీవ్ వారు తమ అధిక బరువులో నూటికి 49 వంతులు, బైపాస్ వారు 57 వంతులు తగ్గియుండిరి.

ఈ అంకెలను పైన చెప్పిన స్త్రీకి అన్వయించి చూతము. ఆమె ఎత్తునకు తగిన బరువు సుమారు 58 కిలోలు. అధిక బరువు 32 కిలోలు. స్లీవ్‌తో దాదాపు 16 కిలోలు, బైపాస్‌తో 18 కిలోలు తగ్గునన్నమాట. ఇవి సగటు లెక్కలు. ఒక్కొక్కరి విషయమున ఇంకను ఎక్కువ తక్కువలుండును. అయినను రెండు పద్ధతుల నడుమ తేడా రెండు మూడు కిలోలని గ్రహించినచో, తూకమును మాత్రమే చూచి ఎన్నుకొనుట ఎందుకు చాలదో పాఠకులకే తెలియును.

ఎంపికను నిర్ణయించు జబ్బులు

పులిత్రేన్పులు, రొమ్ముమంట ఉన్నవారు మొదట ఆలోచింపవలెను. స్లీవ్ గొట్టములో ఒత్తిడి పెరిగి, పులుపు పైకి ఎగదన్నును. పై ఫిన్లాండ్ పరిశీలనలోనే పది సంవత్సరముల పిమ్మట అన్నవాహికలో వాపు స్లీవ్ వారిలో నూటికి 31 మందికి కనిపించగా, బైపాస్ వారిలో 7 మందికి మాత్రమే కనిపించినది. ఈ బాధ తీవ్రముగా ఉన్నవారికి వైద్యులు సాధారణముగా బైపాస్‌నే సూచింతురు. ఆపరేషనుకు ముందు నోటిగుండా గొట్టము వేసి లోపల చూచు పరీక్షను వద్దనరాదు.

చక్కెర వ్యాధి విషయమున బైపాస్‌కు కొంత మొగ్గు కలదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 150 మంది చక్కెర రోగులపై జరిగిన పరిశీలన అయిదేండ్ల ఫలితములు 2017లో వెలువడినవి. మూడు మాసముల చక్కెర సగటు 6 గాని అంతకు తక్కువ గాని ఉన్నవారు మందులు మాత్రమే వాడిన జట్టులో నూటికి 5, స్లీవ్ జట్టులో 23, బైపాస్ జట్టులో 29 మంది. దీనివలన రెండు సంగతులు తెలియుచున్నవి. శస్త్రచికిత్స మందులకంటె మిన్న అయినది. అయినను ఏ ఆపరేషనును అందరి చక్కెర వ్యాధిని సమూలముగా పోగొట్టలేదు. వ్యాధి వచ్చి చాల ఏండ్లయి, ఇన్సులిన్ వాడుచున్న వారికి ఫలితము తగ్గును. వ్యాధి వచ్చిన తొలి సంవత్సరములలోనే వైద్యుని సంప్రదించుట మంచిది.

మోకాళ్ల నొప్పులకు అంగడిలో నొప్పి మాత్రలు కొని దినదినము వాడుట మన పల్లెలలో అలవాటు. బైపాస్ అయిన వారిలో ఈ మాత్రలు ప్రేగు అతుకు వద్ద పుండ్లు పుట్టించి, రక్తస్రావమునకును, రంధ్రము పడుటకును దారితీయవచ్చును. బీడీ, సిగరెట్టు పొగయు అట్టిదే. నొప్పి మాత్రలు తప్పనిసరియైన వారు ఆ సంగతి వైద్యునితో తప్పక చెప్పవలెను. వారికి స్లీవ్ అనుకూలము కావచ్చును. బీడీని మాత్రము ఏ పద్ధతికైనను ముందే మానవలెను. మద్యము సంగతియు అంతే. ఆపరేషను పిమ్మట, ముఖ్యముగా బైపాస్ తరువాత, అది త్వరగా తలకెక్కును.

రక్తహీనత సంగతి

మొదట చెప్పిన రెండు సంగతులు ఇక్కడ కలిసికొనుచున్నవి. మన స్త్రీలలో సగముమందికి పైగా రక్తహీనత ఉన్నప్పుడు, ఇనుమును పీల్చు ప్రేగును దాటించు ఆపరేషను వారికి అదనపు భారము. శాకాహారులకు బి-12 విటమిను లోటును సాధారణమే. జీర్ణాశయము చిన్నదైన పిమ్మట అది ఇంకను పెరుగును. స్లీవ్ అయిన వారికిని ఈ లోట్లు రావచ్చును గాని, బైపాస్ అయిన వారికి ఎక్కువ.

దీని అర్థము రక్తహీనత ఉన్నవారు బైపాస్ చేయించుకొనరాదని కాదు. ముందుగా రక్తమును బాగుచేసికొనవలెను. ఆ పిమ్మట ఇనుము, సున్నము, డి విటమిను, బి-12 మందులను జీవితాంతము వాడుటకును, మొదటి సంవత్సరమున పలుమార్లు, ఆపై ఏటేట రక్తపరీక్ష చేయించుకొనుటకును సిద్ధపడవలెను. తిరుపతి పట్టణవాసికి ఇది సులభము. కుప్పము, పలమనేరు ప్రాంతముల మారుమూల పల్లెలో ఉండు కూలిజనమునకు ఒక్కొక్క పరీక్షకు ఒకనాటి కూలి పోవును. ఈ లెక్కను ఆసుపత్రిలో ఎవరును వేయరు. ఇంటివారే వేసికొనవలెను. బి-12 సూది, మామూలు రక్తపరీక్ష దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున దొరకునో లేదో ఆశా కార్యకర్తను గాని, నర్సును గాని ముందే అడిగియుంచుట మంచిది.

సంతానము కోరు స్త్రీలు ఏ పద్ధతి అయినను ఆపరేషను పిమ్మట 12 మొదలు 18 మాసముల వరకు గర్భము ధరింపరాదు. బరువు వేగముగా తగ్గు ఆ కాలమున శిశువునకు పోషణ చాలదు.

ఇతర పద్ధతులు

1954లో మిన్నెసోటా వైద్యులు జీర్ణాశయమును ముట్టక, చిన్నప్రేగులో అధికభాగమును దాటించు ఆపరేషనును ప్రకటించిరి. బరువు చాల తగ్గినది. కాని కాలేయము చెడుట, మూత్రపిండములలో రాళ్లు, తీరని విరేచనములు పట్టుకొనుటచే దానిని తరువాత విడిచిపెట్టిరి. ఎక్కువ తగ్గించు పద్ధతియే ఉత్తమము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

చిన్న బైపాస్ అని మరియొకటి కలదు. దీనిలో ప్రేగునకు రెండు అతుకులకు బదులు ఒక్కటే ఉండును. కనుక ఆపరేషను త్వరగా ముగియును. 2019లో వెలువడిన ఫ్రాన్సు దేశపు పరిశీలనలో బరువు తగ్గుదల మామూలు బైపాస్‌తో సమానముగా ఉన్నది కాని, పోషకాహార లోపములు చిన్న బైపాస్ వారిలోనే ఎక్కువగా కనిపించినవి. పైత్యరసము జీర్ణాశయములోనికి ఎగదన్నుటయు కొందరికి కలుగును. పేరులో చిన్నదైనను లోపల దాటించు ప్రేగు చిన్నది కాదని గ్రహింపవలెను.

జీర్ణాశయము చుట్టు రబ్బరు పట్టీ బిగించు పద్ధతి ఒకప్పుడు విరివిగా ఉండినది. పట్టీ జారుట, లోనికి కోసికొనిపోవుట, తిరిగి ఆపరేషను చేయవలసివచ్చుట వలన నేడు అరుదైనది. నోటిగుండా గాలిబుడ్డను దింపు పద్ధతి శస్త్రచికిత్స కాదు. కొన్ని మాసములకు దానిని తీసివేయుదురు. పిమ్మట బరువు తిరిగి వచ్చుట కద్దు.

ఆపరేషను పిమ్మట భోజనము

మొదటి రెండు వారములు ద్రవములు, తరువాత మెత్తని పదార్థములు, ఆపై కొద్దికొద్దిగా మామూలు భోజనము. మన సీమలో రాగిసంకటిని పులుసులో ముంచి నమలక మ్రింగుట వాడుక. ఆపరేషను అయినవారు అట్లు మ్రింగినచో ముద్ద అడ్డుపడి వాంతి యగును. పలుచని జావతో ఆరంభించి, సంకటిని తినునప్పుడు చిన్న ముద్దలు చేసి బాగుగా నమలవలెను. భోజనముతోపాటు నీరు త్రాగరాదు. అరగంట ఎడము ఉండవలెను.

దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు అవసరము. ఖరీదైన పొడులు కొననక్కరలేకుండ, మెత్తని పదార్థముల దశ దాటిన పిమ్మట ఇవి మన యింటనే దొరకును. రెండు గ్రుడ్లలో సుమారు 12, అర లీటరు పాలలో 16, ఏబది గ్రాముల ఉలవలలో 11, ఏబది గ్రాముల వేరుసెనగలో 12 గ్రాములుండును. మిగిలినది అన్నము, రాగి, పప్పులనుండి వచ్చును. వీనిని ఆరు మార్లుగా పంచుకొని తినవలెను. గ్రుడ్డు తినని వారు పెరుగు, పప్పులు పెంచుకొనవలెను.

బైపాస్ అయినవారు బెల్లము, పాకము, మిఠాయి ఎక్కువగా తిన్నచో చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కడుపు నొప్పియు విరేచనమును కలుగును. శ్రీవారి లడ్డు ప్రసాదముగా చిటికెడు చాలును.

ఆపరేషను అయిన నాటినుండియే చక్కెర, రక్తపోటు మందుల మోతాదు తగ్గింపవలసియుండును. పాత మోతాదును అట్లే వాడినచో చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. ఎడతెగని వాంతులు వచ్చినచో ఇంట నుండరాదు. బి-1 విటమిను లోటువలన నరములు, మెదడు శాశ్వతముగా దెబ్బతినవచ్చును. జ్వరము, గుండె వేగము, తీవ్రమైన కడుపు నొప్పి, ఊపిరి ఆడకుండుట, పిక్కలో వాపు కనిపించినచో వెంటనే ఆపరేషను చేసిన ఆసుపత్రికి చేరవలెను. అతుకు వద్ద కారుట, రక్తము గడ్డకట్టుట అరుదైనను ప్రాణాంతకములు. అనుభవముగల వైద్యుల చేతిలో ప్రాణహాని వెయ్యిమందిలో ఒకరిద్దరిని మించదు. కాని ఆ ఒకరిద్దరు మన యింటివారు కావచ్చునని తలచి జాగ్రత్త పడవలెను.

ఖర్చు, బీమా

2019లో బీమా నియంత్రణ సంస్థ నిర్ణయించిన ప్రమాణముల ప్రకారము ఆరోగ్య బీమాలో ఈ శస్త్రచికిత్సకు సొమ్ము లభించుటకు రోగి 18 సంవత్సరములు నిండినవాడై, సూచిక 40 గాని, గుండెజబ్బు, అదుపులేని చక్కెర, తీవ్రమైన నిద్రలో ఊపిరి ఆగుడు వంటివి ఉన్నచో 35 గాని కలిగి ఉండవలెను. వైద్యులు 32 సూచికకే ఆపరేషనును సలహా ఇచ్చినను, బీమా సంస్థ నిరాకరింపవచ్చునని దీనివలన తెలియుచున్నది. ఎన్.టి.ఆర్. వైద్యసేవ కార్డు గలవారు తమ చికిత్స జాబితాలో ఉన్నదో లేదో ఆసుపత్రిలోని ఆ పథకపు సహాయకుని ముందుగా అడిగి తెలిసికొనవలెను. అప్పు చేసి, పొలము తాకట్టు పెట్టుటకు పూర్వము ఈ విచారణ అవసరము.

వైద్యుని అడుగవలసినవి

తిరుపతిలో 1993లో వైద్యసేవ ఆరంభించిన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ కలదు. చిత్తూరు ప్రాంతమువారు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి పోవుట చిరకాలపు వాడుక. ఏ ఆసుపత్రికి పోయినను, ప్రైవేటు వైద్యశాలకైనను, ఈ ఆపరేషను అక్కడ చేయుదురో లేదో మొదట తెలిసికొని, తరువాత ఇట్లు అడుగవలెను.

నాకు ఈ పద్ధతినే ఎందుకు సూచించుచున్నారు? రెండవ పద్ధతి ఎందుకు తగదు? మీరు ఏటా ఇట్టివి ఎన్ని చేయుదురు? కడుపులోని అతుకు కారినచో రాత్రివేళ చూచువారు ఎవరు? ఆహార నిపుణులు ఉన్నారా? మాత్రలకు, పరీక్షలకు ఏటా ఎంత ఖర్చగును? బరువు తిరిగి పెరిగినచో ఏమి చేయుదురు?

ఓపికగా జవాబు చెప్పు వైద్యుని నమ్మవచ్చును. "ఈ వారమే చేరుడు, రాయితీ కలదు" అని తొందరపెట్టు చోటునుండి లేచి వచ్చుట మేలు. స్థూలకాయము ఒక్కనాటితో వచ్చినది కాదు. దాని శస్త్రచికిత్సకు మరియొక వైద్యుని సలహా తీసికొనుటకై ఒక మాసము ఆగినంత మాత్రమున సాధారణముగా నష్టము లేదు.

నిర్ణయమునకు రోగి ఒక్కరే పోక, ఇంట వంట చేయువారిని వెంటబెట్టుకొని పోవలెను. ఆపరేషను రెండు మూడు గంటలలో ముగియును. ఆ పిమ్మట ముప్పది నలువది ఏండ్లపాటు కొలిచి వడ్డించువారు, మాత్ర జ్ఞాపకము చేయువారు, పరీక్షకు తోడువచ్చువారు ఇంటివారే. వారు ఏ పద్ధతి నియమములను నిలుపగలరో ఆ పద్ధతియే ఆ యింటికి తగినది.